సర్కారు తవ్విన కాలువ

ఉచిత సలహాలిచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. మావారి స్నేహితుడు శ్యామ్‌సుందర్ అన్నయ్యగారు అందులో దిట్ట. అమెరికా పౌరసత్వం ఇంటర్వ్యూ నాకూ ఆయనకీ ఒకే రోజు పడింది. ఆయనదీ ఇంకా కాలేదు, అయినా మా ఊరు నేపర్‌విల్‌లో కారెక్కింది మొదలు షికాగోదాకా నాకు పాఠం చెబుతూనే ఉన్నారు.

"అమ్మా వసుమతీ, ఇది ఎనభై మూడో సంవత్సరం. గవర్నమెంట్ తగ్గాలని ప్రెసిడెంటే అంటున్నాడు. హిస్టరీ అడిగితే, ఈ దేశాన్ని బిజినెస్‌మెన్ బిల్డ్ చేశారని చెప్పు. గవర్నమెంట్ అన్నావో, కమ్యూనిస్టువనుకుని ఫెయిల్ చేసేస్తారు!"

మావారు కృష్ణమూర్తి డ్రైవ్ చేస్తున్నారు. ఆయన పనిచేసే ఉక్కు ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది. నదిమీద పడవలు దాటించే లాకులు చూసుకునే సర్కారు ఆఫీసువాళ్లు నాకు డ్రాయింగులు గీసే ఉద్యోగం ఇస్తామన్నారు, పౌరసత్వం వస్తేనే. ఇవాళ తప్పితే అది ఇంకొకరికి పోతుంది.

ఇంటర్వ్యూ గదిలో ఆఫీసరు తెల్లజుట్టు పెద్దాయన. జెండా గురించీ రాజ్యాంగం గురించీ అడగడం అయ్యాక, "కొత్తలో ఈ దేశం అంత తొందరగా ఎలా ఎదిగిందంటారు?" అన్నాడు.

"అంతా వ్యాపారస్తులే చేశారండీ. ప్రభుత్వం అడ్డు రాలేదు," అని అప్పజెప్పాను.

"మరి కాలువలు? అవీ వాళ్లే తవ్వించారా?"

అవునంటే సరిపోయేది. నోరు రాలేదు. ఆ ఉద్యోగం కోసమని ఇక్కడి కాలువల గురించి దొరికిందల్లా చదివాను. పైగా గోదావరి కాలువగట్టున పుట్టినదాన్ని. కాలువ ఎవరు తవ్విస్తారో నాకు తెలియదూ?

"లేదండీ! లాభం ఎప్పుడొస్తుందోనని వాళ్లు వెనకాడారు. న్యూయార్క్‌లో రాష్ట్రమే అప్పుచేసి తవ్వించింది. షికాగో నుంచి తవ్విన మన ఇల్లినాయ్ కాలువకి కేంద్రం భూములిచ్చింది. రాష్ట్రం పని మొదలుపెట్టి, మధ్యలో దివాలా తీసి, నానా అవస్థా పడి పూర్తిచేసింది. తర్వాత చూడండి, షికాగోకి వ్యాపారస్తులు ఎలా ఎగబడ్డారో! అంతా వాళ్ల గొప్పేనంటే ఎలాగండీ?"

నా గొంతు ఎంత పెరిగిందో అప్పుడు తెలిసింది. అయిపోయింది, నా కొంప నేనే ముంచుకున్నాననుకున్నాను.

ఆయన ఒక కాగితం నా ముందుకి తోశాడు. "ఇంగ్లీషు రాయడం కూడా చూడాలి. రాయండి. కాలువను ప్రభుత్వం తవ్వించింది."

రాసి తలెత్తితే నవ్వుతున్నాడు. "నాకు జీతమిచ్చేదీ ప్రభుత్వమేనండీ. మీరు పాసయ్యారు."

అబ్బ! గుండెల మీంచి బండ దింపినట్టయింది. థాంక్స్ చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

బయట మావారు లేచి నిలబడ్డారు. "ఏమైంది వసూ?"

"పాసయ్యానండీ. ఉద్యోగం మనదే!"

ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు.

"చూశావా, నా సలహా!" అంటూ శ్యామ్‌సుందర్ గారు కోటు సర్దుకున్నారు. అంతలో ఆయన పేరు పిలిచారు. అదే గది. ఈయన హుందాగా లోపలికి నడుస్తున్నారు.

"అన్నయ్యగారూ! గవర్నమెంటే తవ్వించిందని చెప్పండి!" అని హాలంతా వినబడేలా అరిచాను.

వెనక్కి తిరిగిన ఆయన మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. తలుపు మూసుకుంది. నా పక్కన మావారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ మూసినప్పటినుంచీ ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.