ఓడకొయ్యకు అక్క జడ

ఎవరి మొగుడైనా పేకాడతాడు, లేదంటే పక్కింటివాళ్లతో గోడ కోసం పోట్లాడతాడు. ఆవిడ మొగుడు మాత్రం వెనకగదిలో కూర్చుని యుద్ధనౌక కడతాడు. నీటిపన్ను ఆఫీసులో గుమాస్తాగిరి తప్ప నీళ్లతో ఆయనకు వేరే చుట్టరికం లేదు, స్నానానికే బతిమాలాలి. ఆవిడ వెటకారంగా అడ్మిరల్ అని పేరు పెడితే, ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

నౌక బొమ్మే అయినా, జానెడు తెరచాప కొయ్యకు అసలు ఓడలో ఎన్ని తాళ్లుంటాయో అన్నీ ఉండాలని ఆయన పంతం. దారం మోటుగా కనిపిస్తుందని వెంట్రుకలు వాడేవాడు. ఆవిడవి రింగులు, పనికిరాలేదు. అందుకని తన అక్కవి. ఆ అక్క పెళ్లి చేసుకోకుండా టైపిస్టుగా రిటైరై, తమ్ముడి పంచన చేరిన మనిషి. జడ మాత్రం ఇంకా నడుము దాటేది. ఆయన ఒక్కో వెంట్రుకను నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో సాగలాగి, తడిమీదే ముడివేసి జిగురు చుక్క పెట్టేవాడు.

మర్నాటికి కొయ్య కొస వెనక్కి వంగిపోయేది.

"దుమ్ము దులిపే వంకతో చెయ్యి తగిలించావు కదూ?" అన్నాడు అక్కతో.

"ఆ గది గడప తొక్కలేదురా."

"మరి ఓడే వంగి నీకు దణ్ణం పెట్టిందా?"

విరిచి, కొత్త కొయ్య నాటి, మళ్లీ తాళ్లు కట్టాడు. మళ్లీ వంగింది. ఈసారి ఆయన గొంతు పెంచలేదు. "నీకంటూ ఏమీ లేకపోయె. ఎదుటివాడి చేతిలో ఏదైనా నిలబడితే నీకు కడుపుమంట," అన్నాడు కంచంలో అన్నం కలుపుకుంటూ.

అక్క చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం అడ్మిరల్ భార్య వెనకగదిలోకి వెళ్లి తాడును గోటితో మీటింది. తీగలా టింగుమంది. డిగ్రీలో చదివిన భౌతికశాస్త్రం అప్పుడు అక్కరకొచ్చింది: వెంట్రుక తడిస్తే సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. చెబుదామని హాల్లోకి వచ్చింది కూడా. అంతలో వంటింట్లోంచి ఆడపడుచు గొంతు, "కూరలో మళ్లీ ఉప్పెక్కువేశావు అమ్మాయ్," అంది. ఆ గొంతు లేని వంటిల్లు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నోరు మూసుకుంది.

వారం తిరక్కుండా అక్క ఆడవాళ్ల హాస్టల్లో గది చూసుకుంది. వెళ్లేముందు వంటింటి కత్తెరతో జడ కోసి, ఓడ పక్కన పెట్టింది. "ఇక దీనికోసం నా మొహం చూడక్కర్లేదు," అంది తమ్ముడితో. ఆయన జడను బెత్తలతో కొలుచుకున్నాడు. "పోన్లే, దీనికైనా పనికొచ్చింది," అన్నాడు, ఆమె ఇంకా చెప్పులు తొడుక్కుంటుండగానే.

ఆ జడతో ఈసారి మరింత బిగించి కట్టాడు. గదికి తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. ఊళ్లో జరగబోయే బొమ్మల ప్రదర్శనకు నౌకలను ఎంపికచేసే పెద్దమనిషి ఆదివారం వస్తే, దర్జాగా తలుపు తీశాడు.

కొయ్య నడిమికి విరిగి వేలాడుతోంది.

"ఏమండీ, మీ ఓడకు నడుం పట్టేసిందా?" అని నవ్వి, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు పెద్దమనిషి.

అడ్మిరల్ భార్య వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"చెవి మీ జేబులోనే ఉందిగా," అంది ఆవిడ. మిగిలిన జడలోంచి ఒక వెంట్రుక తీసి, తడిపి, సబ్బుముక్కలో గుచ్చిన రెండు అగ్గిపుల్లల మధ్య బిగించి కట్టి కిటికీలో పెట్టింది. ఎండకు ఆరేసరికి పుల్లలు ఒకదానివైపు ఒకటి వాలాయి. ఆయన చాలాసేపు వాటినే చూశాడు. తర్వాత ఫోను తీసి స్పీకరు నొక్కాడు.

"అక్కా, ఏదో పొరపాటు జరిగిపోయింది. వెంట్రుకలు ఆరి బిగుసుకుపోవడం వల్లనట. నువ్వొచ్చెయ్."

"ఎప్పుడు తెలిసిందిరా?"

"ఇవాళే. నీ మరదలే కనిపెట్టింది," అన్నాడు, తానే కనిపెట్టినంత గొప్పగా.

అక్క ఈసారి మరదలిని పిలిచింది. "ఇవాళేనా, అమ్మాయ్?"

ఆవిడ బల్లమీది జడను చూసింది. కొస దగ్గర రబ్బరుబ్యాండు ఇంకా అలాగే ఉంది.

"కాదు వదినా. మీరు వెళ్లకముందే తెలుసు. మీరు వెళ్తే బాగుండునని ఊరుకున్నాను. తప్పు నాదే."