కొయ్యబారిపోయే పిల్ల

పిల్ల మళ్ళీ బిగుసుకుపోయింది. నోటిదాకా వచ్చిన చెంచా అక్కడే ఆగింది, చూపు గోడకి అతుక్కుపోయింది. తల్లికి తన అక్క గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కకి మూర్ఛ మొదలైంది కూడా అచ్చం ఇలాగే, కంచం ముందు.

ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబెడుతుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తుంది. షాపులో ఎంత ఓపికో ఇంట్లో అంత తక్కువ. ఆమె కోపం తాటాకు మంట, భగ్గుమని లేచి అంతలోనే చల్లారిపోతుంది. "అరుస్తాను గానీ మనసులో ఏదీ పెట్టుకోను" అని గొప్పగా చెప్పుకుంటుంది కూడా. కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది గనక!

మామగారు ఒకప్పుడు బస్సు డ్రైవరు. చలికాలం వచ్చిందంటే పెరట్లో కొమ్మకి గింజల డబ్బా వేలాడదీసి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని పక్షుల రాకపోకలు చూడడమే ఇప్పుడు ఆయన డ్యూటీ.

"మామయ్యా, పిల్లకి మళ్ళీ అలా అయింది. రేపు డాక్టరుకి చూపిస్తాను," అంది ఆమె.

"నా దగ్గర ఎప్పుడూ అవలేదే."

"మీకు పక్షులు తప్ప ఇంకేం కనిపిస్తాయి?"

ఆయన నొచ్చుకోలేదు. మాట్లాడొద్దన్నట్టు పెదవి మీద వేలు పెట్టి బయటికి చూపించాడు. అంతవరకు కిచకిచలాడిన పిచ్చుకలన్నీ ఒక్కసారి కొయ్యబారిపోయాయి. ఒకటైతే డబ్బాకి తలకిందులుగా వేలాడుతూనే ఆగిపోయింది. ముక్కున గింజ ముక్కునే ఉంది.

"గోడ మీద డేగ చూశావా? దానికి కదిలిందే కనబడుతుంది. అది పోయేదాకా వీటికి ఊపిరి కూడా ఆడదు."

డేగ ఎగిరిపోయాక కూడా చాలాసేపు ఒక్క పిట్టా కదల్లేదు. ఆమె అంతా చూసింది గానీ బుర్రకి ఎక్కించుకోలేదు. బుర్ర నిండా అక్క, అక్క నోట్లోంచి కారిన నురగ. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

తెల్లారి, డాక్టరు దగ్గరికి బయల్దేరదీద్దామని వంటగది కిటికీలోంచి చూసింది. పెరట్లో పిల్ల తాతతో కలిసి డబ్బాలో గింజలు పోస్తోంది. సగం డబ్బాలో, సగం నేల మీద. ఒకటే నవ్వు, ఒకటే వాగుడు. ఈ పిల్లకా రోగం అనుకుంది.

తలుపు తీసి "పద, టైమైంది," అంది.

పిల్ల ఆగిపోయింది. చెయ్యి గింజల సంచిలోనే ఉండిపోయింది. ఆమె గబుక్కున గోడ వంక చూసింది, ఆకాశం వంక చూసింది. డేగ లేదు. కొమ్మ మీద పిచ్చుకలు దర్జాగా తింటున్నాయి. మామగారు తల దించుకున్నాడు.

ఆమె పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏమైందమ్మా? ఎక్కడైనా నొప్పా?"

పిల్ల పెదవులు మాత్రం కదిలాయి. "గింజలు కింద పోశాను."

"పోస్తే ఏం?"

"నువ్వు చూశావుగా."

"మరి అలా కదలకుండా ఉంటావేం?"

"కదలకపోతే తొందరగా తిట్టేసి వెళ్ళిపోతావు."

తల నిమురుదామని ఆమె చెయ్యి ఎత్తింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఇన్నాళ్ళూ మూర్ఛకి భయపడింది. ఇప్పుడు గాల్లో ఆగిన తన చెయ్యిని చూస్తేనే ఆమెకి భయం వేసింది.