డెబ్బై అయిదు శాతం అమ్మ

బట్టలు కుట్టేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఎంత కచ్చితంగా కొలత తీసుకున్నా కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతారు. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి పనికొస్తుందని. ఈ కథలో దర్జీ పని చేసే ఆవిడ పీజీ కూడా సరిగ్గా అలాగే చదివింది. అదే కొంప ముంచింది.

నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆవిడ దుస్తుల రూపకల్పనలో పీజీలో చేరింది. చేరిన రోజే విభాగం గుమస్తా కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు. "రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లమ్మా. వారానికి గంట పాఠానికి ఒక క్రెడిట్ అనుకోండి. సబ్జెక్టు పాసైతే ఆ క్రెడిట్లు మీ ఖాతాలో పడతాయి. ఇక వాటిని ఎవడూ లాక్కోలేడు. మొత్తం ఎనభై పోగుచేస్తే పట్టా."

ఎనభై అన్న మాట ఒక్కటే ఆవిడ చెవిన పడింది. ఆ తర్వాత ఆయన చెప్పిందంతా గాలికి పోయింది. అప్పటికే ఆవిడ ఆయన కోటు భుజం ఒక పక్కకి ఎందుకు జారుతోందా అని చూస్తూ కూర్చుంది మరి.

ఎందుకైనా మంచిదని ప్రతి సెమిస్టరులోనూ ఒక సబ్జెక్టు అదనంగా తీసుకుంది. రంగుల అద్దకం, పాత కాలపు టోపీలు, బొత్తాల చరిత్ర, ఏది కనిపిస్తే అది. నాలుగో సెమిస్టరు మొదలయ్యేసరికి ఎనభై దాటడం ఖాయమని తేలిపోయింది. ఇక పట్టా మీద ఏ పేరు వేయించుకోవాలో అడుగుదామని నవ్వుకుంటూ గుమస్తా దగ్గరికి వెళ్లింది.

"మీకు పట్టా రాదమ్మా," అన్నాడాయన కంప్యూటర్లోంచి తల తిప్పకుండా.

"అదేంటండీ, ఎనభై దాటుతున్నాయిగా."

"దాటుతున్నాయి. కానీ అన్నీ మన విభాగంవే. ఒక్క ఓపెన్ ఎలక్టివ్ అయినా వేరే విభాగంలో చదవాలి, రెండు క్రెడిట్లకి. అది లేకపోతే ఇవి నూట యాభై ఉన్నా ఒకటే. మొదటిరోజే చెప్పానమ్మా."

ఆవిడకి చప్పున అర్థమైంది. చొక్కా ఒంటికి మూడు చొక్కాల గుడ్డ మిగిల్చి, ఒక చెయ్యి కుట్టడం మర్చిపోయింది. పాలిటెక్నిక్‌లో కుట్టుపని టీచరు ఉద్యోగం ఆవిడ కోసం ఆగి ఉంది. కొత్త విద్యాసంవత్సరానికి పట్టాతో వస్తే ఉద్యోగం, రాకపోతే జాబితాలో తర్వాతి మనిషికి. ఇరవై ఏళ్లు ఇంటి ముందుగదిలో మెషిను తొక్కిన మనిషికి నల్లబల్ల ముందు నిలబడి నలుగురికి నేర్పాలని ఎంత ఆశో ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

"ఇప్పుడు దేంట్లోనైనా ఖాళీ ఉందా?"

"సబ్జెక్టులు మార్చుకునే గడువు ఈ సాయంత్రంతో అయిపోతుంది. ఒక్కదాంట్లోనే సీట్లున్నాయి. గణాంకశాస్త్రం, అందరి కోసం."

"ఎవరు చెబుతారు?"

గుమస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మాయి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ వార్త విని ఆవిడ మొగుడికి పొలమారింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, రోజంతా నవ్వు ఆపుకునే ఉద్యోగం కాబట్టి ఇంటికొచ్చాక ఆపుకోడు. కూతురు మాత్రం నవ్వలేదు. ఆ పిల్ల యూనివర్సిటీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. తల్లికి మార్కులు దోచిపెట్టిందని ఎవరైనా అంటే ఉన్న ఉద్యోగం ఊడుతుంది. పొద్దున్నే వెళ్లి తన విభాగాధిపతికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తల్లి పేపర్లు ఇంకో ప్రొఫెసరు దిద్దాలని ఆయన తేల్చేశాడు.

"నీ మార్కులు నా చేతిలో లేవు," అంది కూతురు ఇంటికొచ్చి. "హాజరు ఒక్కటే నా చేతిలో ఉంది. నూటికి డెబ్బై అయిదు కంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు. నేను తలుపు వేశాక వస్తే ఆబ్సెంట్. ఇంట్లో ఎంత బతిమాలినా లాభం లేదు."

"అలాగే తల్లీ. క్లాసులో నన్నేమని పిలుస్తావు?"

"రోల్ నంబరు ముప్పై ఒకటి."

ఇక చూడండి తమాషా. కూతురికి స్కూటరుంది. వెనక సీటూ ఖాళీయే. కానీ పంతులమ్మా విద్యార్థినీ ఒకే బండి మీద దిగితే బాగుండదట. అందుకని కూతురు స్కూటరు మీద, తల్లి బస్సులో. ఆ బస్సు ఎవరిదనుకున్నారు, సాక్షాత్తూ ఆవిడ మొగుడిదే. ఆ మహానుభావుడు పరుగెత్తుకొచ్చే ప్రతి ముసలాయన కోసం ఆపుతాడు, ఆపినందుకు వాళ్లు చెప్పే కృతజ్ఞతలు పూర్తిగా వింటాడు.

"పోనివ్వవయ్యా, నీ కూతురు తలుపేసేస్తుంది," అని వెనకనుంచి ఆవిడ కేకలు.

"అయినవాళ్లు ఉన్నారని రూల్సు మారవు," అని ముందునుంచి ఆయన. బస్సులో జనం టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటైనట్టు వినేవారు.

అలా సెమిస్టరు సగానికొచ్చేసరికి ఆవిడ తలుపు బయట నిలబడ్డ రోజులు అప్పుడే నాలుగయ్యాయి. అద్దంలోంచి లోపలికి చూసేది. కూతురు బోర్డు మీద ఏదో గీస్తూ అద్దం వైపు చూసీ చూడనట్టు ఊరుకునేది. ఇంటికొచ్చాక మాత్రం పోయిన పాఠం నేర్పించమని తల్లి వెంటపడేది. నేర్పడం తప్పు కాదని విభాగాధిపతి చెప్పాడు కాబట్టి కూతురు రోజూ మెషిను పక్కన కూర్చుని నేర్పింది. తల్లి కుడుతూనే వినేది, సూది ఆపకుండానే ప్రశ్నలు వేసేది.

చివరి వారానికి లెక్క తేలింది. పంతొమ్మిది క్లాసులు జరిగాయి, ఆవిడ వచ్చినవి పద్నాలుగు. ఇక మిగిలింది ఇరవయ్యోది ఒక్కటే, దానికి వస్తే సరిగ్గా డెబ్బై అయిదు శాతం. ఆ క్లాసు జరగకపోతే అది లెక్కలోకే రాదు, అప్పుడు గుమ్మం దాకా వచ్చిన పట్టా వెనక్కి పోతుంది.

ఆ రోజు తెల్లారి లేచేసరికి కూతురి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. తల్లి వేడినీళ్లు పట్టించింది, మెడకి గుడ్డ చుట్టింది. "వద్దులే తల్లీ, పడుకో. వచ్చే ఏడాది చదువుతాను," అని పైకి అంది. అంటూ ఉంటేనే ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

కూతురు కాసేపు ఆవిడ మొహం చూసింది. తర్వాత ఫోన్లో టైపు చేసి చూపించింది. *పాఠం బోర్డు మీద రాస్తాను. ఎవరైనా పైకి చదివితే చాలు. పద.* స్కూటరు తాళం తీసింది. వెనక సీటు చూపించింది.

క్లాసులో కూతురు బోర్డు మీద రాసింది, గొంతు లేదు, ఎవరైనా వచ్చి చదవాలని. ముందుబెంచీల్లో అందరూ ఒక్కసారిగా చెప్పుల వంక చూసుకున్నారు. ఎప్పుడూ ఆవలించే అమ్మాయి ఆవలింత మధ్యలో ఆగి, "ఆంటీని పంపండి, ఆవిడకి మీ చేతిరాత అలవాటేగా," అంది. తల్లి లేచి వెళ్లింది.

మొదట రాసింది రాసినట్టే చదివింది. "సగటు ఒక్కటే చాలదు, విచలనం కూడా చూడాలి." చదివి క్లాసు వైపు చూసింది. ఒక్కరి మొహంలోనూ వెలుగు లేదు. ఆవిడకి ఉండబట్టలేదు.

"ఇలా చూడండి. నా దగ్గరికి ఇద్దరన్నదమ్ములు పాంట్లు కుట్టించుకోడానికి వచ్చారు. ఒకడి నడుము ఇరవై ఆరు, ఇంకోడిది నలభై ఆరు. సగటు ముప్పై ఆరు. నేను ముప్పై ఆరుకి రెండు పాంట్లు కుట్టి ఇచ్చాననుకోండి. ఏమవుతుంది?"

"ఒకడిది జారిపోద్ది," అన్నాడొకడు వెనకనుంచి.

"ఇంకోడిది మోకాళ్ల దగ్గరే ఆగిపోద్ది. సగటు తప్పు కాదు, లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఇద్దరూ పాంటు లేకుండానే ఇంటికెళ్లారు. ఒక్కొక్కడూ ఆ ముప్పై ఆరుకి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేదే విచలనం."

క్లాసు గొల్లుమంది. కూతురు భుజాలు ఊగేలా చప్పుడు లేకుండా నవ్వింది. ఆ ఊపులో తల్లి ఇంకో అడుగు ముందుకేసి, విచలనం ఎక్కువుంటే అందరూ సగటు దగ్గరే ఉంటారని చెప్పేసింది. కూతురు సుద్దముక్కతో బోర్డు మీద టకటకా కొట్టింది. "తప్పు చెప్పాను, తక్కువుంటేనే దగ్గరుంటారు," అని అందరి ముందూ సర్దుకుంది. పిల్లలు ప్రశ్నలడిగారు. తెలిసినవి చెప్పింది, తెలియనివి కూతురి వైపు తోసింది, కూతురు బోర్డు మీద రాసిచ్చింది. టైమెలా గడిచిందో ఇద్దరికీ తెలియలేదు.

ఆఖర్న హాజరు. రోల్ నంబర్లు పిలవాల్సింది కూడా తల్లే. వరసగా పిలిచింది, వరసగా పలికారు.

"ముప్పై ఒకటి."

జవాబు లేదు.

"ముప్పై ఒకటి. ఎవరమ్మా ఈ పిల్ల, ఆఖరి రోజన్నా రావద్దూ?"

క్లాసంతా బల్లల మీద పడి నవ్వడం మొదలుపెట్టింది. కూతురు పెన్ను పట్టుకుని ఆవిడ వైపే చూస్తోంది. అప్పుడు తగిలింది ఆవిడకి. గబగబా వేదిక దిగి తన బెంచీ దగ్గరికి వెళ్లి, నిలబడి, "ప్రెజెంట్ మేడమ్," అంది. కూతురు ఆ నంబరుకి ఎదురుగా ఉన్న గడిలో టిక్కు పెట్టింది.

పరీక్ష సంగతి అడుగుతారేమో. రాసింది, పాసైంది, ఉద్యోగంలోనూ చేరింది. అవన్నీ తర్వాతి మాటలు. ఆ పూట మాత్రం ఆవిడ బెంచీ మీద కూలబడి పైటతో కళ్లొత్తుకుంటోంది. క్రెడిట్ల కోసం కాదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోని కోరిక గంటసేపు తీరిపోతూ ఉంటే, తీరుతోందని తనకే తెలియలేదని.

ఆవలింతల అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ పాంట్ల లెక్క ఇంకొకసారి చెప్తారా? పరీక్షకి కాదు, ఊరికే."

ఎవర్నడుగుతోందో అని తల్లి కూతురి వంక చూసింది. కూతురు సుద్దముక్క ఆవిడ వైపు చాచి పట్టుకుని నిలబడింది. గంట ఎప్పుడో కొట్టేశారు. ఎవరూ లేవలేదు. ఆవిడే లేచింది.