దొంగచాటు గుటకలు

వారానికి మూడుసార్లు మా ఆయన నెమెసియోని ఇలోయిలో పట్నంలో డయాలసిస్‌కి తీసుకెళ్తాను. ఇవాళ ఆయన కాటా ఎక్కగానే నర్సు ఇనెజ్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మూడు కిలోలు పెరిగావన్నా! ఎన్ని నీళ్లు తాగావు?”

“చుక్క ముట్టలేదు. గిన్నెడు బాచోయ్ సూప్ తిన్నా. అది తిండే గానీ నీళ్లా?”

“నీ ఒంటికి అన్నీ నీళ్లే! బాగున్న కిడ్నీలు రాత్రీపగలూ రక్తాన్ని వడకట్టి, ఎక్కువైన నీటినీ ఆమ్లాన్నీ బయటికి తోసేస్తాయి. నీవి మానేశాయి. అవి పేరుకునే ఈ వాపు, ఈ ఆయాసం. రెండ్రోజుల పని ఈ మిషన్ నాలుగు గంటల్లో చెయ్యాలి.”

నాలుగేళ్లుగా ఇదే పాట. ఆవిడ చెప్పడం మానదు, ఈయన వినడు, మధ్యలో నా కాళ్లు పీక్కుపోతాయి. ఇంట్లో ఆయనకి రోజుకి రెండు గ్లాసుల నీళ్లే. ఆయన చూస్తుండగా గ్లాసు ఎత్తడం నా వల్ల కాదు. వంటింట్లో తలుపు చాటున, చప్పుడు కాకుండా గుటకలు వేస్తాను.

సూదులు గుచ్చారు. మిషన్ తిరగడం మొదలైంది. నేను మంచం పక్కన కూలబడ్డాను.

“పురీ,” అని నన్ను పిలిచాడు ఆయన, కళ్లు తెరవకుండానే. “నాలుగు గంటలు నేనీ మంచం దిగను. పోయి తీరిగ్గా నీళ్లు తాగు.”