ఎత్తి పట్టుకున్న చెయ్యి

పాతికేళ్లుగా మాంసం కొట్టు నడిపిన మనిషి ఒక బుల్లి కుక్కని వీధిలో అలా తిప్పి తీసుకురాలేడా అంటారు మీరు. తీసుకురాలేకపోయాడు. నేను చెప్పబోయేది అదే.

ఆయన్ని వీధంతా కత్తిబాబాయి అంటారు. ఆయన భార్య మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దని కట్టు కట్టారు. ఆమె ప్రాణమంతా బఠాణీ మీదే. బఠాణీ అంటే కుక్క. పేరుకి తగ్గట్టు గుప్పెడంత ఉంటుంది, పంతం మాత్రం ఏనుగంత. ఇంట్లో పాడు చెయ్యదు, ఏం చేసినా వీధిలోనే.

"నీ చేతికివ్వాలంటే గుండె పీచుపీచుమంటోందయ్యా," అంది ఆమె, బఠాణీ ఛాతీకి పట్టీ బిగిస్తూ. "తాడు పొట్టిగా పట్టుకో. మెడ లాగకు. బళ్లు తిరిగే రోడ్డుకి పోకు. పెద్ద కుక్క కనపడితే చటుక్కున ఎత్తుకో. దీనికేమన్నా అయిందా, నీ మొహం చూడను."

"నూటొక్కసారి చెప్పావే! మేకపోతుల్ని పట్టినవాణ్ణి, ఈ గుప్పెడు దాన్ని పట్టలేనా?"

"నా భయమూ అదే," అంది ఆమె.

ఎంత మంచి పొద్దు అనుకున్నారు! ఎండ చురుక్కుమనలేదు, చలి కొరకలేదు. నేల చల్లగా ఉంటే బఠాణీ టిక్కుటిక్కుమంటూ హుషారుగా నడిచింది. బళ్లు లేని దారి అన్నాక బాబాయికి తోచింది ఒక్కటే, తన కొట్టు వెనక సందు. ఆ రోజు కొట్టుకి సెలవు. సందులో సైకిళ్లు బాగుచేసేవాడు తప్ప నరమానవుడు లేడు.

ఇక్కడే మనవాడి బుర్ర పనిచెయ్యలేదు. రోజూ పొద్దున్నే ఆయన ఆ సందులో నిలబడి, ఎముకల ముక్కలు తలపైకి ఎత్తి పట్టుకుని ఈలేస్తాడు. నాలుగు వీధికుక్కలు పరిగెత్తుకొస్తాయి. వాటిలో పెద్దదాని పేరు దొర. కళ్లు తెరవని పిల్లగా కాలవ పక్కన దొరికితే, ఆరేళ్లుగా ఆయనే తిండి పెట్టి పెంచాడు. ఎత్తిన చేతిలోంచి గాల్లోనే ముక్క అందుకోవడం దానికి నేర్పింది కూడా ఆయనే. నేర్పి, ఎంత మురిసిపోయేవాడో!

నాలుగూ వచ్చాయి. కోపంగా కాదు, తోకలాడిస్తూ వచ్చాయి. దొర ముందుంది. బఠాణీ గజగజ వణికిపోయింది. పెళ్లాం మాట గుర్తొచ్చింది బాబాయికి. బుద్ధిమంతుడిలా చటుక్కున ఎత్తాడు. గుండెకి హత్తుకున్నాడా? లేదు. పాతికేళ్ల అలవాటు చేతిది. ఒంటిచేత్తో తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

దొర ఎగిరింది.

బఠాణీ తొడ దాని నోటికి దొరికింది. పైన ఆయన, కింద దొర, మధ్యలో బఠాణీ. అది కుక్కలా అరవలేదండీ, పసిపిల్లలా కేక పెట్టింది. ఆయన లాగాడు. లాగినకొద్దీ చర్మం చీలింది. మిగతా మూడూ మీదపడితే ఒకదాన్ని డొక్కలో తన్నాడు, అది గోడకి కొట్టుకుని మూలుగుతూ పారిపోయింది. ఇంకోటి ఆయన మోచెయ్యి కొరికింది. బఠాణీ రక్తమూ ఆయన రక్తమూ కలిసి చొక్కాలోకి కారాయి.

"వదలరా! దొరా, వదలరా!"

దొర గొంతు పట్టుకుని నులిమాడు. దొర వదిలేసింది. బఠాణీ కిందపడి సైకిళ్లవాడి బండి కిందకి పాక్కుంటూ పోయింది. తక్కిన కుక్కలు చెల్లాచెదురయ్యాయి. దొర మాత్రం అక్కడే నిలబడి, చెవులు వెనక్కి వాల్చి, ఇప్పుడేం తప్పు చేశానన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

షట్టరు లాగే ఇనప కడ్డీ గోడకి ఆనించి ఉంది. తీశాడు. మొదటి దెబ్బకి ముందుకాలు పుటుక్కుమంది. రెండోది మొహం మీద. మూడోది వీపు మీద. తర్వాత ఎక్కడ పడుతున్నాయో ఆయనే చూడలేదు. కొట్టులో ఒక్క వేటుతో పని ముగించే మనిషి, ఏ మేకనీ రెండోసారి బాధపెట్టలేదని చెప్పుకునే మనిషి, పళ్లు పటపటా కొరుకుతూ అడ్డదిడ్డంగా బాదాడు. దొర ఒక్కసారి కూడా ఆయన మీద నోరెత్తలేదు.

సైకిళ్లవాడు వెనకనుంచి వచ్చి నడుము పట్టుకున్నాడు. "బాబాయ్, ఆపు! అది వదిలేసి చాలాసేపైంది!"

పశువుల డాక్టరు బఠాణీ తొడకి పదకొండు కుట్లు వేసి, కాలు నిలుస్తుందన్నాడు. ఇంటికొచ్చాక భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది, తర్వాత మొగుడి మోచేతి కట్టు నిమిరింది.

"నా తల్లిని బతికించుకొచ్చావు. ఆ ముండమోపి కుక్కని బాగా తన్నావా?"

ఔననేస్తే అక్కడితో అయిపోయేది. ఆమె అంత ప్రేమగా చూసి ఎన్నాళ్లయింది! కానీ ఆయన ఉన్నదే చెప్పాడు.

"దొరేనే అది. గొంతు నులిమితే వదిలేసింది. వదిలేశాకే కొట్టాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "వదిలేశాకా?"

"చాలా కొట్టాను."

"బతికుందా?"

"తెలీదు."

"తెలీదంటే ఎలాగయ్యా? మనిషివేనా నువ్వు? లే, పోయి చూడు!"

వెళ్లాడు. కొట్టు తెరిచి, ఎముక కాదు, మంచి మెత్తటి ముక్క తీసుకుని సందులోకి వచ్చాడు. దొర గోడ మూల పడి ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఆయన నేలమీద కూలబడి, "దొరా, నా బంగారం, ఇదిగో," అంటూ ముక్క ఉన్న చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూడగానే అది పడుకున్నచోటే ఉచ్చ పోసుకుంది. విరిగిన కాలు ఈడ్చుకుంటూ గోడలోకి దూరిపోదామన్నట్టు వెనక్కి జరిగింది.

ఆయన ముక్క కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు. తినలేదు. సందు సగందాకా పోయాడు. ఉహూఁ, దాని కన్ను ఆయన మీదే ఉంది. ఏడుస్తూ మలుపు తిరిగి, గోడ చాటున నిలబడ్డాడు.

కాసేపటికి సైకిళ్లవాడు సందులోంచి కేకేశాడు. "తింటోంది బాబాయ్! ఇప్పుడు తింటోంది. నువ్వు మాత్రం ఇటు రాకు."