దిగనివాని బిళ్ల

జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమునఁ బ్రచండమార్తాండకిరణసంతప్తమైన గౌతమీసైకతము కాలిన పెనమువలె సెగలు గ్రక్కుచుండఁగా నడుమ నొక్క పాయ మాత్రము నల్లనై చల్లనై సద్దు సేయక ప్రాఁకుచుండెను. ఆ వేళ భావరాజు పద్మనాభము వంతెన దాటి పాడువడిన నావలరేవునకు వచ్చెను. ట్రాములును నావలును నడచిన కాలమునఁ బ్రయాణికుల కిచ్చెడి యిత్తడి బిళ్లలను ముప్పదియేండ్లుగాఁ బ్రోగుచేయుచున్న యాతనికి ఈ రేవు బిళ్లలలో రెండవ యంకెది యింకను జిక్కకుండెను. ఎంత యరిగిన బిళ్లనైనను భూతద్దము లేకయే గుర్తింపఁగలనని యాతని గర్వము.

ఆ రేవున నావ నడపిన తుది సరంగు కూఁతురగు నూకాలమ్మ వెదురుబుట్ట తెచ్చి ముందు పెట్టెను. అందు బురద యెండి కట్టిన బిళ్లలు రెండుండెను.

"రెండో అంకెది పట్టుకెళ్లండి బాబూ. మూడోది మాత్రం ముట్టుకోకండి."

"ఏం, కరుస్తుందా?"

"కరిస్తే మందేసుకోవచ్చండి. ఈ రేవులో బిళ్ల చేత్తో పట్టుకుంటే నావెక్కినట్టు, అవతల గట్టున బుట్టలో వేస్తే దిగినట్టు. వరదలో నావ బోల్తాపడ్డప్పుడు మూడో బిళ్లాయన దొరకలేదు. బిళ్లొక్కటే ఒడ్డుకొచ్చింది. ఆయనింకా దిగలేదండి. మా అయ్య దాన్ని పట్టకారుతో ఎత్తి ఈ గట్టు బుట్టలో పడేశాడు. నా కళ్లు ఆనవు, మీరే చూసుకోండి."

"అంకెలు నాకా చెప్తావు నూకాలమ్మా!" అని నవ్వి పద్మనాభ మొకదానిని వ్రేళ్లఁ బట్టి యెత్తెను. ౨ అను నంకె తేటగాఁ గనఁబడెను. దానిని గుప్పిట బిగించి యుప్పొంగు మదితో మరల వంతెన యెక్కెను.

సగము దూర మేఁగునప్పటికి బొటనవ్రేలి రాపిడికిఁ గ్రింది బురద పెళ్లగా నూడిపడెను. రెండవ యంకె వంపుక్రింద మఱియొక వంపు మెఱసెను. ౩.

పద్మనాభము వెంటనే బిళ్లను నీటిలోనికి విసరెను. అరచేయి తడిసెను. బిళ్ల గుప్పిటనే యుండెను. వెనుకకుఁ బరుగిడెను, ముందునకుఁ బరుగిడెను. వచ్చునపుడు పావుగడియయైనఁ బట్టని యా వంతెనకు ఇప్పు డే గట్టును దగ్గఱ గాకుండెను. కాలిక్రింది రాతిపలకలు మెల్లగా నూఁగఁజొచ్చెను. ఎచటనో తెడ్డు నీటఁ బడు చప్పుడు లయ తప్పక వినవచ్చుచుండెను.

అంత నావలిగట్టున నీటినుండి యొక పురుషుఁడు తడిసిన పంచెతో మెట్లెక్కి నిలిచెను. వాఁడు పద్మనాభమువైపు తిరిగి, బరువు దింపుకొన్నవానివలె దీర్ఘముగా నిట్టూర్చి, రెండుచేతులు జోడించి మ్రొక్కి యూరి త్రోవఁ బట్టెను. వాని తడియడుగులు మెట్లపై నొక్కొక్కటియే యెండిపోయెను. పద్మనాభము గుప్పిటిలోని యిత్తడి మాత్ర మా నిప్పులెండలోఁ జల్లఁగా, తడిగా, అట్లే యుండెను.