జ్వరం వేళకు మళ్ళే నీళ్ళు

కురుమయ్య తూము మెట్టు మీద కూర్చుని ఎడమచెయ్యి మెడకు ఆనించి చూసుకున్నాడు. చల్లగానే ఉంది. మోకాళ్ళ మధ్య పార, పార కర్ర మీద గడ్డం, నెత్తి మీద కురవని మబ్బు. ఎదురుగా కాలువ రెండుగా చీలే చోట దిగువ పాయకు మట్టిపెళ్ళలు అడ్డం వేసి ఉన్నాయి. నీళ్ళన్నీ ఎగువకు, అనంతయ్య పటేలు మళ్ళలోకి పోతున్నాయి. జ్వరం రాగానే లేచి ఆ పెళ్ళలు తీసి ఎగువకు అడ్డం వేయాలి.

జ్వరానికీ నీళ్ళకూ ఏం పొత్తు అని బల్మూర్ నుంచి వచ్చిన చుట్టాలు నవ్వేవారు. ఈ ఊరివాళ్ళు మాత్రం నవ్వరు. కురుమయ్య ఊరి చెరువుకు నీరడి. ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు వదలడం తాతనాటి నుంచీ ఆ ఇంటి పని. ఆరేళ్ళ కింద ఆయనకు ఒక జ్వరం పట్టుకుంది. పెద్దదేం కాదు. దాని వేడికి రొట్టె కాలదు గాని, చలికాలంలో ఊరి కుక్కలన్నీ వచ్చి ఆయన కాళ్ళ దగ్గరే పడుకునేవట. మధ్యాహ్నం దాటాక కాలి చిటికెన వేళ్ళలో చలిగా మొదలై, చెవుల వెనక్కి పాకి, కళ్ళలో గోరువెచ్చగా కూర్చునేది. పడుకుంటే సోమరి అంటారు, లేచి తిరిగితే రోగి అనరు. అటువంటి జ్వరం.

వనపర్తి సంతలో ఒక హకీం నాలుక చూసి, గోళ్ళు చూసి, చివరికి చెప్పుల అడుగు కూడా చూసి తల గోక్కున్నాడు. క్వినైను గోళీలు వేద్దామంటే, పెద్ద యుద్ధం రోజులు, అవన్నీ సిపాయిలకే పోతున్నాయన్నారు. జ్వరం మాత్రం ఎక్కడికీ పోలేదు. పైగా తప్పకుండా ఒకటే వేళకు వచ్చేది. తూము దగ్గరి రాతి కంబం నీడ నేల మీద గీసిన మూడో గీత మీద పడటమూ, కురుమయ్య చెవులు వేడెక్కడమూ ఒక్కసారే. పటేలు మళ్ళ వంతు ముగిసి దిగువ వంతు మొదలయ్యే వేళ కూడా అదే. ఒక ఎండాకాలమంతా పెద్దమనుషులు నీడనూ, ఆయన నుదుటినీ పక్కపక్కన చూశారు. వేలెడు తేడా రాలేదు. పట్వారీ ఇంటి గోడ గడియారం ఆగితే మనిషిని పంపి, "కురుమయ్యకు వచ్చిందా" అని అడిగించి ముల్లు తిప్పుకునేవాడు. కాబట్టి ఈ మబ్బుల కార్తెలో నీడ పడకపోయినా ఎవరూ పరేషాన్ కాలేదు. జ్వరమే గీత, జ్వరమే నీడ.

పాడైంది పాలతో. మూడు వారాల కింద అనంతయ్య ఇత్తడి చెంబుతో వేడి పాలు తెచ్చి, "తాగురా, మనిషివి కట్టెలెక్క అయినవు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. పాలు చేతిలో ఉండగానే జ్వరం వచ్చింది. తాగడం అయ్యాక లేద్దామనుకున్నాడు. మర్నాడు పాలు ఇంకొంచెం వేడిగా వచ్చాయి, ఇంకొంచెం ఆలస్యంగా. వారం తిరిగేసరికి చెవులు కాలుతుండగానే కురుమయ్య నోరు, "ఇంక రాలే పటేలా," అనడం నేర్చుకుంది. ఎవరు కాదంటారు? ఆయన ఒంట్లో సంగతి ఆయనకే తెలుసు.

దిగువ పాయ చివర పెంటమ్మకు పది గుంటల మడి ఉంది. మొగుడు పోయిన మనిషి. రోజూ పొద్దున్నే ఆయన జ్వరానికి నేలవేము కషాయం కాచి ముంతతో తెచ్చేది. తన మడికి నీళ్ళు అందకముందే పొద్దు గూకుతోందని తెలిసినా ఆయనను ఒక్కమాట అనలేదు. నిన్న మాత్రం ముంత కిందపెట్టి, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అన్నా, నాతోని ఒక తప్పైంది."

"ఏందే?"

"నీకు జ్వరం జర జల్ది రావాలని జములమ్మకు మొక్కిన. పొట్టకొచ్చిన వరి ఎండుతుంటే పాణం ఆగలే. పాపం తగుల్తదంటవా?"

కురుమయ్య కషాయం గడగడా తాగేసి ముంత కిందపెట్టాడు. ఆమె తనే నవ్వింది. "పోవాలని కషాయం పోస్త, రావాలని మొక్కుత. నా ఒర్రుడు ఆ తల్లికేం సమజైతది."

"పాపం నీకేం తగలదు, చెల్లె," అన్నాడు. ఎవరికి తగులుతుందో చెప్పడానికి నోరు తెరిచాడు గాని, ఆమె వంగి ముంత తీసుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున పెంటమ్మ రాలేదు. ఆ ముఖం చూడనక్కరలేదని కురుమయ్యకు ముందు హాయి అనిపించింది. ఆ హాయి అంబలిలో రాయిలా పంటికి తగిలి, మధ్యాహ్నం దాకా నోట్లోనే ఉండిపోయింది.

అనంతయ్య చెంబుతో కట్ట దిగి వచ్చాడు. "ఏమ్రా కురుమా, నీ చుట్టం ఇంక రాలే?"

అప్పుడే చిటికెన వేళ్ళలో చలి కదిలింది. కురుమయ్య చెంబు అందుకున్నాడు. చెవుల వెనక వెచ్చబడింది. చెంబును మెల్లగా మెట్టు మీద పెట్టాడు.

"వచ్చింది, పటేలా."

అనంతయ్య ఎన్నడూ లేనిది వంగి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టాడు. "సల్లగున్నది కదరా."

"మీ చెయ్యి పాలచెంబు పట్టిన చెయ్యి. వేడి తెల్వదు," అని కురుమయ్య లేచి కాలువలోకి దిగాడు. మట్టిపెళ్ళలు ఒక్కొక్కటే తీసి ఎగువ పాయకు అడ్డం వేశాడు. ఒంట్లోది జ్వరమో కాదో ఆయనకే తెలియలేదు.

నీళ్ళు దిగువకు మళ్ళాయి. ఎండిన కాలువ ప్రతి పగుల్లోకీ ఒక గుక్క మింగుతుంటే, నీళ్ళకు ముందు నడుస్తూ చెత్త లాగేశాడు. మూడు వారాల సంగతి ఎలా మొదలుపెట్టాలో లోలోపలే అనుకున్నాడు. 'చెల్లె, జ్వరం రాక కాదు.' బాగాలేదు. 'నేనే పాలకు ఆశపడ్డ.' అదే బాగుంది. సిగ్గుగా ఉన్నా పొట్టిగా ఉంది.

మలుపు దగ్గర గొర్రెల చిన్నయ్య ఎదురొచ్చాడు. "నీళ్ళెవలికి?"

"పెంటమ్మకు. ఇయ్యాల వేళకు విడిచిన."

"ఆమె యాడున్నది? పొద్దుగాలనే మేస్త్రి వెంట మట్టిపనికి పాయె. తిమ్మాజిపేట తొవ్వల కనబడ్డది. ఎన్నడొస్తదో తెల్వదంది." గొర్రెలను అదిలించబోయి ఆగాడు. "జ్వరముంది, పైలంగుండుమని నీకు చెప్పమన్నది."

నీళ్ళు ఆగవు కాబట్టి కురుమయ్య కూడా ఆగలేదు.

మడి నెర్రెలు బారి ఉంది. వరి ఎండుగడ్డిలా తెల్లబడింది. నీళ్ళు మడవ దాటి లోపలికి వచ్చి, ఎవరి ఇల్లో తెలియక గుమ్మంలో నిలబడ్డ మనిషిలా కాసేపు నిలిచి, నెర్రెల్లోకి దిగిపోయాయి. తూర్పు మూలన మాత్రం మంచమంత జాగాలో వరి పచ్చగా ఉంది. అక్కడి నుంచి వాగు ఇసుకలో తవ్విన నీటి చెలిమె దాకా, గడ్డి కూడా మొలవకుండా, ఒకే మనిషి పాదాలు తొక్కి తొక్కి చేసిన సన్నని బాట.

ఆ బాట మొదట్లో, గట్టు మీద, పెంటమ్మ కూలిపనికి మోసుకుపోలేక వదిలేసిన కడవ బోర్లించి ఉంది, నేలకు ఆనిన అంచున తడి ఇంకా ఆరలేదు.